కోవిల్‌పట్టిలో ఎవరూ నొక్కని బటన్

కోవిల్‌పట్టి వెళ్ళొచ్చానని చెబితే మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు ఒకే మాట అడిగారు, దర్శనం బాగా జరిగిందా అని. ఊరి పేరులో కోవెల ఉంది కాబట్టి నేను గుడికే వెళ్ళి ఉంటానని వాళ్ళ నమ్మకం. నాలుగో ఆవిడ ప్రసాదమేదని చెయ్యి చాపింది. నేను సంచిలోంచి ఒక వేరుశనగ అచ్చు తీసి ఆ చేతిలో పెట్టి, వెళ్ళింది వీడియో గేములు ఎలా చెయ్యాలో, వాటి మీద ఎలా సంపాదించాలో నేర్పడానికని చెప్పాను. ఆవిడ అచ్చును కళ్ళకద్దుకుని తినేసింది. నా మాట మాత్రం నమ్మలేదు.

నమ్మకపోవడంలో న్యాయం లేకపోలేదు. గేములు చెయ్యడంలో నాకు పద్దెనిమిదేళ్ళ అనుభవం. సొంతంగా నాలుగు చేశాను. ఆ నాలుగూ కలిసి తెచ్చిన డబ్బుతో మా ఆయనా నేనూ ఒకసారి బిర్యానీ తిన్నాం, అదీ ఒకే ప్లేటు ఇద్దరం. ఆ తర్వాత హైదరాబాదులోని మా కంపెనీ నన్ను తయారీలోంచి తీసి శిక్షణ విభాగంలో వేసింది. ఇప్పుడు సంపాదన ఎలాగో ఊరూరా తిరిగి చెప్పేది నేనే.

కోవిల్‌పట్టికి నన్నే పంపడానికి కారణం, తమిళనాడులోని ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారని మా డైరెక్టర్‌గారికి ఎవరో చెప్పడం. దుబాసీ ఖర్చు మిగిలిందని ఆయన పొంగిపోయాడు. మూడు రోజులు కోవిల్‌పట్టిలో పాఠాలు, నాలుగో రోజు విరుదునగర్‌లో పరీక్ష. నేర్చుకునేవాళ్ళు చేసిన గేముల్లోంచి ఒకటి ఎంచి, విరుదునగర్‌లో ముప్పైమంది చేత ఆడించాలి. వాళ్ళలో పదిమందైనా ప్రకటన చూసే బటన్ నొక్కితే కంపెనీ ఆ గేమ్ తీసుకుంటుంది, చేసినవాళ్ళకు ఇంట్లో కూర్చుని చేసుకునే నెలజీతం ఉద్యోగం ఇస్తుంది. తొమ్మిదిమంది నొక్కితే ఏమీ లేదు. ఈ షరతు రాసింది నేనే. రాసేటప్పుడు పది మరీ తక్కువేమో అని కూడా అనుకున్నాను.

అణ్ణాచ్చి కొట్టు

రైలు దిగిన గంటలోపే మొదటి పొరపాటు చేశాను.

ఊళ్ళో అడుగుపెడితే వేయించిన వేరుశనగ, కరుగుతున్న బెల్లం వాసన. మనం పల్లీపట్టీ అనేదాన్ని వాళ్ళు కడలమిఠాయి అంటారు. బస్టాండుకు దగ్గరలో ఒక చిన్న కొట్టులో అణ్ణాచ్చి పళ్ళెం నిండా ముక్కలు పేర్చి కూర్చున్నాడు. అణ్ణాచ్చి అంటే అన్నయ్యే, ఆ వైపు కొట్టు యజమాని ఎవరైనా అణ్ణాచ్చే. పావుకిలో అడిగాను. తూచాడు, కాగితంలో కట్టాడు, డెబ్బై రూపాయలన్నాడు. డబ్బిచ్చి, పళ్ళెంలోంచి ఒక ముక్క నేనే తీసుకున్నాను.

ఇందులో తప్పేముంది? మా విజయవాడలో కూరగాయలు తూచాక నాలుగు పచ్చిమిరపకాయలు, ఓ కరివేపాకు రెబ్బ మనమే తీసి సంచిలో పడేసుకుంటాం. కొట్టువాడు "అమ్మా అమ్మా" అంటాడు. "ఏం కరిగిపోతావులే" అని మనం అంటాం. అదో ముచ్చట. ఇక్కడ అణ్ణాచ్చికి అది ముచ్చట కాలేదు. మొహం ముడుచుకుని, చెయ్యి చాపాడు. నేను సిగ్గుపడి ముక్క తిరిగి ఇచ్చేశాను. ఆయన దాన్ని పళ్ళెంలో పెట్టి, అంతకంటే పెద్ద ముక్క ఏరి, నా అరచేతిలో పెట్టాడు.

"రెండూ ఒకటే కదండీ!" అని నవ్వేశాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తెలుగా మీది? మేమూ ఇంట్లా తెలుగే. అంగట్లా మాట్లాడేది లేదు."

"ఇప్పుడు నాకిచ్చిన దీన్ని ఏమంటారు?"

"కొసరు."

అక్షరం పొల్లుపోకుండా మా అమ్మ అనే మాట! ఇంతదూరం వచ్చినా మన మాట మనకు ఎదురైందని సంబరపడి, అక్కడే నిలబడి పుస్తకం తీసి రాసుకున్నాను: "కొసరు. ప్రకటన పెట్టడానికి మంచి చోటు." ఆ పేజీ ఇంకా నా దగ్గర ఉంది. చూసినప్పుడల్లా నా తెలివికి నాకే ఒళ్ళు మండుతుంది.

భోజనాల హాల్లో బడి

పాఠాలు ఒక కళ్యాణమండపం పైఅంతస్తులో, భోజనాల హాల్లో. కింద మొదటి రోజు ఎవరిదో నిశ్చితార్థం. "ఆటలో ఆడేవాడికి కావాల్సింది ఏమిటి?" అని నేను ప్రశ్న వేసిన ప్రతిసారీ కింద నాదస్వరం జవాబు చెప్పింది. బల్లల మీద అరిటాకులకు బదులు ల్యాప్‌టాపులు. వచ్చిన పద్నాలుగు మందిలో ఎక్కువమంది అగ్గిపెట్టెల పనివాళ్ళ పిల్లలు, కొందరు తామే పనివాళ్ళు. అరుప్పుకోట్టై నుంచి వచ్చిన ఒక మరమగ్గాల ఆయన నాకంటే పెద్దవాడు.

తయారీ గురించి చెప్పాను. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టాలి, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెయ్యాలి, ఒకరి పని ఆగితే వెనకవాళ్ళ పని ఆగుతుంది అని గంటసేపు బోర్డు మీద బాణాలు గీశాను. అందరూ మర్యాదగా విన్నారు. ఒక్కరూ రాసుకోలేదు. ముందు వరసలో కూర్చున్న అమ్మాయిని ఎందుకు రాసుకోలేదని గద్దించాను.

"తెలుసు గదక్కా," అంది. "పుల్ల కోసేవాళ్ళు కోస్తారు, మందులో ముంచేవాళ్ళు ముంచుతారు, మేం నింపుతాం, అప్పురం కాగితం అంటించేవాళ్ళు అంటిస్తారు, డజను కట్టేవాళ్ళు కడతారు. ముంచేది ఆగితే మేం సుమ్మా కూర్సోవాల. మా ఆఫీసులో రోజూ ఇదే."

"ఏం ఆఫీసు?"

"తీపెట్టి ఆఫీసు."

అగ్గిపెట్టెలు చేసే షెడ్డును అక్కడ ఆఫీసనే అంటారు. నాకన్నా చాలా ముందే ఉత్పత్తి శాస్త్రం నేర్చినవాళ్ళకు నేను బాణాలు గీసి చూపిస్తున్నానన్నమాట. గొంతు సవరించుకుని టీ విరామం ప్రకటించాను.

ఆ అమ్మాయి పేరు జెసింత. ఇరవైమూడేళ్ళు. ప్లస్ టూలో సర్కారు ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద తనంతట తనే గేములు చెయ్యడం నేర్చింది. పొద్దున ఆఫీసులో పెట్టెలు నింపి, మధ్యాహ్నం నుంచి సెలవడిగి వచ్చేది. వేళ్ళ చివర్లు ఎర్రగా, గరుకుగా ఉండేవి. టీ తాగుతూ తన గేమ్ నా ముందు పెట్టింది.

అగ్గిపుల్లలు పైనుంచి జల్లులా పడతాయి. వేలితో వాటిని సర్ది, మందు ఉన్న తలలన్నీ ఒకే వైపు ఉండేలా పెట్టె నింపాలి. ఒక్క పుల్ల తిరగబడినా మూత బిగుసుకుపోతుంది. అయిదు పెట్టెలు నిండితే వాటిని పట్టుకుని ఆడేవాడి బొమ్మ అణ్ణాచ్చి కొట్టుకు వెళ్ళాలి. అణ్ణాచ్చి మిఠాయి తూచి ఇస్తాడు. ఆ తర్వాత ఒక ముక్క కొసరు వేస్తాడు. ఆ కొసరు ముక్కలో ఒక చిన్న ఆట దాగి ఉంటుంది, అరనిమిషం ఆట, ఒక్కోసారి ఒక్కో రకం. ఒకసారి కరెంటు పోయిన వీధిలో పుల్ల గీసి ఇళ్ళన్నీ వెలిగించాలి. ఒకసారి ఎగిరే మిఠాయిని చీమల కంటే ముందే పట్టుకోవాలి.

రెండు నిమిషాలు చూద్దామని కూర్చున్నదాన్ని టీ చల్లారేదాకా ఆడాను. పద్దెనిమిదేళ్ళలో నాకు తట్టనిది ఈ పిల్లకు ఎలా తట్టిందని కుళ్ళుకున్నాను కూడా. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, కుళ్ళుకున్నాను.

"ఈ ఉద్యోగం వస్తే ఏం చేస్తావు?" అని అడిగాను.

"వచ్చే నెల ఆఫీసులో మిషను పెడతారక్కా. అదే నింపుతాది. చేత్తో నింపేవాళ్ళు ఒద్దు. మా అమ్మా నింపేదే, నేనూ నింపేదే." అంతే చెప్పి గ్లాసులు తీసుకెళ్ళింది. ఆ సాయంత్రమే ఆమె గేమ్‌ను విరుదునగర్‌కు ఎంచేశాను.

సంపాదన పాఠం

రెండో రోజు నేను అసలు వచ్చిన పని: డబ్బు. గేమ్ ఉచితంగా ఇవ్వాలి, రుచి తగిలాక ఆపాలి, ఆపినచోట ప్రకటన చూపించాలి లేదా డబ్బడగాలి. ఉదాహరణకు ఆడేవాడికి అయిదు ప్రాణాలిచ్చి, అవి అయిపోతే గంటసేపు ఆట ఆపెయ్యాలి. ఆగలేనివాడు డబ్బు కడతాడు.

మరమగ్గాల ఆయన చెయ్యెత్తాడు. "ఆడేవాణ్ణి ఆపితే దుడ్డు ఇస్తాడా అమ్మా? మా ఊర్లా మగ్గం ఆపితే ఎవరూ పైసా ఈయరు. ఆడితేనే ఇస్తారు."

హాలంతా నవ్వింది. ఇది మనస్తత్వ శాస్త్రం, దీని వెనక పెద్ద పెద్ద లెక్కలుంటాయి అని గదమాయించాను. ఆ లెక్కలతో నేను తిన్న సగం ప్లేటు బిర్యానీ సంగతి చెప్పలేదు.

తర్వాత జెసింత పక్కన కూర్చుని, ఆమె గేమ్‌లో అణ్ణాచ్చి కొసరు వేసే చోట ఒక ఆకుపచ్చ బటన్ పెట్టాను. "కొసరు తీసుకోండి" అని తమిళంలో రాయించాను. నొక్కితే అరనిమిషం ప్రకటన వస్తుంది, అది చూశాక కొసరు ఆట తెరుచుకుంటుంది. జెసింత దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది.

"ఒద్దక్కా. వాళ్ళు తీసుకోరు."

"ఉచితంగా వస్తుంటే తీసుకోకుండా ఎందుకుంటారు?"

"ఇస్తే తీసుకుంటారు. వాళ్ళుగా తీసుకోరు."

మొహమాటం కాబోలు అనుకున్నాను. మొహమాటాన్ని జయించే రంగులు ఉంటాయమ్మా అని చెప్పాను. ఆమె తల వంచి నేను చెప్పిన రంగు వేసింది. టీచరన్నాక ఎదురు చెప్పకూడదని వాళ్ళకు ఎవరో నేర్పారు, అది నాకు ఆ రోజు బాగానే పనికొచ్చింది.

గడప లోపలి తెలుగు

ఆ రాత్రి భోజనానికి జెసింత ఇంటికి తీసుకెళ్ళింది. వీధంతా తమిళంలో పలకరించుకుంటూ వచ్చిన పిల్ల, గడప దగ్గర చెప్పులతోపాటు ఆ భాషను కూడా బయట వదిలేసి "అమ్మా, టీచరక్క వచ్చిండాది" అని కేకేసింది. ఒకే గది. గోడ మీద సిలువ, దాని కింద నింపడానికి తెచ్చుకున్న ఖాళీ పెట్టెల చట్రం. వాళ్ళమ్మ అన్నమ్మ నేల తుడిచి పీట వేసింది.

"కూర్సో తల్లీ. నీ తెలుగు రొంబ వేగంగా ఉండాది, టీవీ మాదిరి. మెల్లంగా చెప్పు."

ఆమె తెలుగు మా అమ్మమ్మ మాటల్లో విని మరిచిపోయినదిలా ఉంది. "కూడు తింటివా", "నీళ్ళు తాగితివా" అని అడుగుతుంటే నాకు జవాబు చెప్పాలో, వింటూ కూర్చోవాలో తెలియలేదు. అన్నం, సాంబారు, ఉడికించిన గుడ్డు పెట్టింది. నేను చాలన్నాక మరో గరిటె అన్నం, సగం గుడ్డు వేసింది. మా ఇంట్లో అయితే "ఇంకొంచెం వేయించుకో" అని మూడుసార్లు అడిగి నాలుగోసారికి మానేస్తాం. ఇక్కడ అడగలేదు, వేసేశారు. అది మాత్రం నేను పుస్తకంలో రాసుకోలేదు.

చేతులు కడుక్కుంటుంటే అన్నమ్మ దగ్గరకొచ్చింది. "దీనికి ఉజ్జోగం వస్తాదా తల్లీ? మిషను వచ్చినాక మేం యాడికి పోయేది?"

"పదిమంది బటన్ నొక్కితే చాలు, అన్నమ్మగారూ. పదిమంది దొరకరా?" అన్నాను. ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రంగులు మార్చిన రోజు

మూడో రోజు విరుదునగర్ పరీక్షకు ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. అణ్ణాచ్చి కొట్టు ముందు బెంచీ మీద ఫోను పెట్టి, మిఠాయి కొనడానికి వచ్చినవాళ్ళ చేత ఆడించాం. ఆట అందరికీ ఎక్కేసింది. పుల్ల తిరగబడితే "అయ్యో అయ్యో" అని అరిచారు. అగ్గిపెట్టెల ఊళ్ళో పుల్లలు సర్దడం రానివాళ్ళెవరు? అయిదు పెట్టెలూ చకచకా నింపేసి కొట్టుకు చేరారు. బొమ్మ అణ్ణాచ్చి మిఠాయి తూచాడు. ఆకుపచ్చ బటన్ వచ్చింది. అక్కడితో అందరూ ఆగిపోయారు.

పదహారు మంది ఆడారు, పదహారు మందీ ఆగిపోయారు. ఫోను పట్టుకుని, తెర వంక చూస్తూ, ఊరికే కూర్చున్నారు. ఫోను మొరాయించిందనుకుని రెండుసార్లు ఆపి మళ్ళీ వెలిగించాను. బటన్‌ను పెద్దది చేశాను. ఎర్రది చేశాను. కాంతి వచ్చి పోయేలా చేశాను. చివరికి అది అదిరిపడుతూ గంట మోగించేలా కూడా చేశాను. పూలమ్మే ఒక అవ్వ ఆ గంటకు ఉలిక్కిపడి, ఫోను కింద అరచెయ్యి పట్టి, ఎదురుచూసింది. తెర నల్లబడేదాకా ఎదురుచూసింది. అప్పుడు నన్ను చూసి జాలిగా తమిళంలో ఏదో అంది. జెసింత తెలుగులో చెప్పింది: "ఇంగా ఈయలేదే అంటా ఉండాదక్కా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నొక్కమని రాశాం కదా! నొక్కితే ఏం పోతుంది వీళ్ళకి?" అని అణ్ణాచ్చి ముందు గొంతు పెంచాను.

అణ్ణాచ్చి తక్కెడ కింద పెట్టాడు. ఈసారి అటూ ఇటూ చూడలేదు. "మీరు మొదటి దినం చేసింది వీళ్ళు చేస్తారా అమ్మా? కొసరు వాళ్ళుగా చెయ్యి పెట్టి తీస్తే దాని పేరు వేరే. ఇచ్చేవాడు ఇయ్యాల. ఎంత ఇచ్చేది, ఎవరికిచ్చేది, వాడి ఇష్టం. మీ ఫోను లోపల అణ్ణాచ్చి సుమ్మా నిలబడి, నువ్వే తీసుకో అంటా ఉండాడు. వాడు అణ్ణాచ్చేనా?"

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదటి రోజు ఆయన నా చేతిలోంచి ముక్క వెనక్కి తీసుకున్నది డబ్బు కోసం కాదు. నన్ను దొంగను కాకుండా కాపాడి, మర్యాదగా నా చేతిలో పెట్టాడాయన. నేనేమో "రెండూ ఒకటే కదండీ" అని పళ్ళికిలించాను. ఎక్కడైనా దాక్కుందామంటే ఆ కొట్టులో నిలబడేంత చోటు కూడా లేదు.

అయినా బుద్ధి వచ్చిందా? రాలేదు. బొమ్మ అణ్ణాచ్చి చేతే "ఈ ప్రకటన చూడు, కొసరు ఇస్తాను" అనిపించి చూశాను. ఈసారి ముగ్గురు ఫోను కింద పెట్టేసి లేచిపోయారు. బదులు అడిగేది కొసరెట్లా అవుతాదని వాళ్ళ బాధ. సాయంత్రానికి మా లెక్క పందొమ్మిది మందికి సున్నా. జెసింత అలిసిపోయిన మొహంతో బెంచీ తుడిచింది. ఆమె మొదటి నుంచీ చెబుతున్నది ఇదేనని నాకు అప్పుడు గుర్తొచ్చి, మరీ చిన్నబోయాను.

సాత్తూరు మీదుగా

నాలుగో రోజు మధ్యాహ్నం విరుదునగర్ బస్సెక్కాం. సాత్తూరులో ఆగితే కారప్పూస పొట్లాలవాళ్ళు, చీరిన దోసకాయల మీద ఉప్పూకారం చల్లి అమ్మేవాళ్ళు కిటికీల దగ్గర మూగారు. పది రూపాయలకు ఒక దోసకాయ కొన్నాను. అమ్మినావిడ బస్సు కదిలాక పరుగెత్తుకొచ్చి ఇంకో సగం ముక్క కిటికీలోంచి నా ఒళ్ళో పడేసింది. నేను అడగలేదు. ఇంకేం పరీక్ష కావాలి నాకు?

నోరు మండుతుండగానే నాకు ఒక ఘనమైన ఆలోచన వచ్చింది. బటన్ నొక్కిన లెక్క నేరుగా హైదరాబాదుకు చేరుతుంది. నొక్కింది ఎవరి వేలో దానికి తెలియదు.

"జెసింతా, నేనే పదిసార్లు నొక్కేస్తాను. ఉద్యోగం నీది అయిపోతుంది. ఎవరికి తెలుస్తుంది?"

ఆమె ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూసింది. బయట ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.

"అది మనం చెయ్యి పెట్టి తీసేది గదక్కా," అంది.

"ఉద్యోగం కావాలా వద్దా నీకు?" నా గొంతు లేచింది. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"కావాల. రొంబ కావాల. రాత్రి మా అమ్మ నిద్రపోలేదు." కళ్ళు నీళ్ళతో నిండాయి గాని గొంతు మారలేదు. "ఇస్తే తీసుకుంటానక్కా. అట్ల ఒద్దు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ఎవరి మీదో తెలియక మిగిలిన దోసకాయ తినేశాను. కాసేపటికి ఆమే అడిగింది. "బటన్ తీసేసి, నేను మొదట చేసిన మాదిరే ఆడించేదా?"

"బటనే లేకపోతే ఎవరు నొక్కుతారు? సున్నా ఖాయం."

"ఎట్లయినా సున్నానే గదక్కా. మంచి సున్నా ఒకటి చూద్దాం."

బస్సు విరుదునగర్ చేరేలోపు ఆమె బటన్‌ను తీసేసింది. తియ్యడానికి పట్టిన సమయం, నేను దాని రంగులు మార్చడానికి పెట్టినదాంట్లో పదోవంతు కూడా లేదు.

విరుదునగర్ సున్నా

విరుదునగర్‌లో పరోటాను పెనం మీద కాల్చరు, నూనెలో వేయిస్తారు. పెళుసుగా అయిన దాన్ని ఆకులో తుంచి, మీద సాల్నా అనే పలుచటి మాంసం పులుసు గుమ్మరిస్తారు. ఒకటి ఇరవై రూపాయలు. చేత్తో ముట్టుకుంటే కాలుతుంది, ముట్టుకోకుండా ఉండలేం. నా నాలుక కాలింది, ఇంకో రెండు చెప్పాను. మన పరోటా దీని ముందు ఉపవాసంనాటి తిండి.

సాయంత్రం ఆ పరోటా కొట్టు ముందు చోటు కోసం నిలబడ్డవాళ్ళకు ఫోను ఇచ్చాం. పుల్లలు సర్దారు, పెట్టెలు నింపారు, బొమ్మ అణ్ణాచ్చి దగ్గరకు వెళ్ళారు. ఆయన మిఠాయి తూచి, ఒక్క క్షణం ఆగి, పళ్ళెంలోంచి ఒక ముక్క ఏరి తెర మీదికి చాపాడు. అడగలేదు. చూడమనలేదు. ఆడుతున్న పత్తి బస్తాల కూలీ ఒకాయన ఫోనుకే తలూపి, "సరి అణ్ణాచ్చి" అన్నాడు! ఆ ముక్కలోంచి కరెంటు పోయిన వీధి తెరుచుకుంది. ఆయన పుల్ల గీసి ఇళ్ళన్నీ వెలిగించి, మొదట్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఫోను మా చేతికి రాలేదు. ఖాళీ అయిన బల్ల దగ్గరకు రమ్మంటే ఎవరూ రాలేదు. పరోటా మాస్టరు ఒక ఆట ఆడి, రెండో ఆటలో ఉండగా నూనెలో పరోటాలు నల్లబడి, యజమాని చేత తిట్లు తిన్నాడు. ముప్పై మందీ ఆడారు. ఒక్కసారి ఆడి ఊరుకున్నవాళ్ళు లేరు. పత్తి కూలీ వెళ్ళబోతూ జెసింత చేతిలో పది రూపాయల నోటు పెట్టాడు. ఆమె వద్దని వెనక్కి జరిగితే తమిళంలో దబాయించాడు. "అణ్ణాచ్చికి అంట," అని నవ్వింది ఆమె, నోటును రెండు చేతులతో పట్టుకుని.

మా డైరెక్టర్‌గారు ఫోను చేశాడు. "ఎంతమంది నొక్కారు?"

"నొక్కడానికి ఏమీ లేదు సార్. కానీ ముప్పై మందీ మళ్ళీ మళ్ళీ ఆడారు. ఒకాయన అడక్కుండానే డబ్బిచ్చాడు."

"నేనడిగింది నొక్కినవాళ్ళ లెక్క."

"సున్నా."

"మరి అంతే కదా," అన్నాడాయన. ఆయన తప్పేమీ లేదు, షరతు రాసింది నేను. మార్చమని బతిమాలాను, అరిచాను కూడా. ఫోను పెట్టేశాడు. పక్కన నిలబడ్డ జెసింతకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

"పరవాయిల్లేక్కా," అంది. తర్వాత వెనక్కి తిరిగి, దుపట్టాతో మొహం తుడుచుకుంది. నేను ఆమెను కావలించుకున్నాను. నా చేతులకున్న సాల్నా ఆమె భుజానికి అంటింది.

ఇంటికొచ్చాక

మా డైరెక్టర్‌గారికి గేమ్ నచ్చలేదు గాని కొసరు అనే మాట తెగ నచ్చింది. ఇప్పుడు మా కంపెనీ గేములన్నిటిలో ఎర్ర బటన్ మీద "కొసరు" అని రాసి ఉంటుంది. నొక్కితే ప్రకటన వస్తుంది. బాగా నొక్కుతున్నారట. నా పాఠాల్లో మాత్రం బటన్ గురించిన పేజీ తీసేశాను. ఆ పేజీ పోయాక నేను చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా నన్ను పిలుస్తూనే ఉన్నారు.

కోవిల్‌పట్టి ఆఫీసులో మిషను వచ్చింది. జెసింత, అన్నమ్మ ఇప్పుడు డజను కట్టే పనిలో ఉన్నారు, కూలి ముందుకంటే తక్కువ. నిలబడి చెయ్యాల్సిన పని, అన్నమ్మకు కాళ్ళు వాస్తున్నాయి. జెసింత తన గేమ్‌ను తనే అమ్మకానికి పెట్టింది. ధర పది రూపాయలు, పత్తి కూలీ కట్టిన ధరే. కొన్నవాళ్ళు ఎంతమంది అని అడిగితే "మెల్లంగా వస్తా ఉండారక్కా" అంది. అంతకుమించి నేను అడగలేదు.

పోయిన ఆదివారం నేనూ పది రూపాయలు కట్టి, మొదటి నుంచి చివరిదాకా ఆడాను. ఆఖరి కొట్టు దగ్గర అణ్ణాచ్చి మిఠాయి తూచి, పెద్ద కొసరు ముక్క ఒకటి చాపాడు. అందులోంచి తెరుచుకున్న ఆట నేను అంతకుముందు చూడనిది. కళ్ళజోడు, భుజాన పెద్ద సంచి, చేతిలో పుస్తకం ఉన్న ఒక ఆడమనిషి కొట్టు ముందు నిలబడి ఉంది. నన్నే గీసింది, జడలోని తెల్లవెంట్రుకలతో సహా!

నా బొమ్మ చెయ్యి చాపితే పళ్ళెం వెనక్కి జరిగిపోతోంది. వేలితో లాగాను, జరిగిపోయింది. రెండు వేళ్ళతో నొక్కాను, ఫోను ఊపాను, బటన్ ఎక్కడైనా దాచిందేమోనని తెరంతా వెతికాను. పదిసార్లు ఓడిపోయాను. పద్దెనిమిదేళ్ళ అనుభవమున్న నాకు గెలవడం రాని ఆట చేసిందని ఒళ్ళు మండి, ఫోను బల్ల మీద పడేసి వంటింట్లోకి వెళ్ళాను.

టీ పెట్టుకుని వచ్చి చూస్తే, నా బొమ్మ అరచేతిలో మిఠాయి ముక్క ఉంది. అణ్ణాచ్చి అప్పటికే ఇంకెవరికో తూస్తున్నాడు.